సిమెంటు పనులు - తేమ ఆవశ్యకత

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో సిమెంటు రోడ్డు గాని, మురుగు కాలువ గాని లేని గ్రామము నేడు అరుదు. కాంక్రీటు పోయునాడు పంచాయతీ సభ్యులు దగ్గర నిలిచి ఇసుకను, కంకరను, సంచుల లెక్కను చూచుట కలదు. మంచిదే. కాని మరునాటి నుండి ఆ వంక చూచువారు తక్కువ. పని యొక్క ఆయుష్షు చాలవరకు ఆ దినములలోనే నిర్ణయమగునని మేము మనవి చేయుచున్నాము.

సిమెంటు ఆరి గట్టిపడునని పలువురు తలంతురు. ఆరి గట్టిపడునది మట్టి. సిమెంటు నీటితో రసాయనికముగా కలిసి గట్టిపడును. ఒక్కొక్క రేణువు చుట్టును జిగురువంటి పదార్థము పుట్టి, అంతకుముందు నీరున్న చోటును క్రమముగా ఆక్రమించును. ఆ జిగురులోపల అతి సూక్ష్మమైన రంధ్రములుండును. వానివలన భయము లేదు. జిగురు నింపలేక విడిచిన ఖాళీలు వానికంటె ఎన్నో రెట్లు పెద్దవి. వీనినే కేశనాళిక రంధ్రములందురు. దీపపు వత్తి నూనెను పీల్చునట్లు ఇవి నీటిని పీల్చును.

ఈ ఖాళీలు పూడవలెనన్న లోపల తేమ నిలువవలెను. తేమ 80 శాతమునకు దిగువకు పోయినచో రసాయనిక చర్య దాదాపు ఆగిపోవునని అమెరికా శాస్త్రజ్ఞుడు టి. సి. పవర్స్ 1947లో తెలిపెను. జనగామ మెట్టభూములలో వేసవి మధ్యాహ్నమున గాలిలోని తేమ దీనికి ఎంతో తక్కువ. నీరు పట్టని స్లాబు పైపొర త్వరలోనే ఎండిపోవును. తరువాత తడిపినచో చర్య కొంత సాగును గాని, నష్టమంతయు తీరదు. ఇనుప చువ్వలను కాపాడవలసినది ఆ పైపొరయే గదా!

మొదట కలుపు నీటి మాట వేరు. అది మితిమీరరాదు. పవర్స్, ఆయన సహచరులు 1959లో ప్రకటించిన లెక్కను 50 కిలోల సంచికి అన్వయించి చూతము. ఎడతెగక తడిగా నుంచినచో, 20 లీటర్ల నీటితో కలిపిన సిమెంటులో కేశనాళికల వరుస 3 దినములలో తెగిపోవును. 25 లీటర్లైనచో 14 దినములు, 30 లీటర్లైనచో 6 నెలలు, 35 లీటర్లైనచో ఒక సంవత్సరము పట్టును. అంతకు మించినచో ఎన్నటికిని తెగదు. నేటి సిమెంటు మరింత మెత్తనిది, త్వరగా గట్టిపడునది. అయినను వరుస మారదు. పని సులువగునని మేస్త్రీ మరి రెండు బకెట్లు పోయించునప్పుడు ఈ లెక్కను గుర్తుచేయుడు.

తెరచియున్న రంధ్రములగుండా నీరేకాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి పోవును. చిత్రమేమనగా, రంధ్రములు నీటితో నిండియున్న ఆ వాయువు చొరజాలదు. పూర్తిగా ఎండినను దాని పని సాగదు. తేమ 50 మొదలు 70 శాతము వరకున్నప్పుడే చెరుపు అధికము. చువ్వలకు రక్షణ పోవును. ఆపై తడి తగిలినచో తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులూడును.

భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము వంటి చోట్ల వెలువడు బొగ్గు బూడిదను సిమెంటులో కలుపుటయు కలదు. సంచిపై పి.పి.సి. యని యుండిన అది సాధారణముగా అట్టిదే. బూడిద సున్నముతో మెల్లగా కలిసి రంధ్రములను మరింత సన్నము చేయును గాని, దానికి తడి ఎక్కువ కాలము కావలెను. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 456 ప్రకారము మామూలు సిమెంటుకు కనీసము 7 దినములు, వేడి పొడి వాతావరణములో 10 దినములు తడి ఉంచవలెను. బూడిద కలిసినదానికి 14 దినములు మేలు.

త్రాగునీటికే కటకటయైన ఊరిలో రోడ్డుకు నీరెక్కడిదని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. పూటకొకమారు చల్లి పోవుటలో నీరును వృథా, పనియు వృథా. రోడ్డుపైనను స్లాబుపైనను మడులు కట్టి నీరు నిలుపుడు. కాలువ గోడలకు తడిసిన గోనెపట్టాలు చుట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పినచో తక్కువ నీటితోనే గడచును. వీలైన పనిని ఎండలు ముదరకముందే ముగించుట ఉత్తమము. ఏడాది లెక్కలు ముగియునని మార్చిలో తొందరపడి పోసిన రోడ్డుకు ముందున్నది ఏప్రిల్ ఎండయే.

తడుపుట ఆపి, బాగుగా ఆరిన పిదప ఒక అంచున చెంబెడు నీరు పోసి చూడుడు. ఇది ప్రయోగశాల పరీక్ష కాదు, సూచన మాత్రమే. నీరు క్షణములో ఇంకిపోయినచో బిల్లుపై సంతకము చేయుటకు ముందు ఇంజనీరును పిలిపించి, ఎన్ని దినములు తడిపిరో అడుగుడు.