ఏది ఆగితే పాడవుతుంది?

అక్కా,

మాది బుద్వేల్. శంషాబాద్ విమానాశ్రయం కార్గోలో కాగితాల పని చేస్తాను. ఒక వారం ఉదయం డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఉదయం డ్యూటీ ఉంటే తెల్లవారుజామున నాలుగింటికే క్యాబ్ వచ్చి నిలబడుతుంది. ఇంట్లో మూడో తరగతి చదివే బాబు, షుగర్ ఉన్న మామయ్య. మా ఆయన ఎలక్ట్రికల్ షాపు మూసి వచ్చేసరికి రాత్రి పది. నేను అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం చివరి సంవత్సరం. ప్రతి ఆదివారం డైరీలో ఇరవై పనులు రాసుకుంటాను. చిన్నవన్నీ అయిపోతాయి, పుస్తకం మాత్రం తెరవను. రాత్రి డ్యూటీ దిగి వచ్చి వంట, బట్టలు ముగించి నడుం వాల్చేసరికి బాబు స్కూలు నుంచి వచ్చేస్తాడు. పోయిన నెల మామయ్య రక్తపరీక్ష సంగతే మర్చిపోయాను. ఆయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. టైమ్ ఎలా సర్దుకోవాలి?

ఒక చెల్లెలు, బుద్వేల్

చెల్లీ,

మామయ్య ఏమీ అనలేదన్న మాట దగ్గరే ఆగిపోయాను. మీ ఇంట్లో గట్టిగా అడిగే పనులు ముందు అయిపోతున్నాయి. నోరు తెరిచి అడగనివి వెనకబడుతున్నాయి. ఆయన పరీక్ష అలాంటిదే, నీ పుస్తకమూ అలాంటిదే.

కార్గోలో రోజూ చూసేదే ఇంట్లోనూ చెయ్యి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాల పెట్టెలు దిగితే, పక్కన యంత్రాల విడిభాగాల వాళ్లు ఎంత తొందరపెట్టినా ముందు టీకాలే చల్లగదికి పోవాలి కదా. 2021 జనవరిలో కోవాగ్జిన్ పలు నగరాలకు బయల్దేరింది మీ శంషాబాద్ నుంచే. ఇనుము రేపటికీ ఇనుమే. మందు అలా కాదు. డైరీలో ప్రతి పని పక్కనా 'రెండు రోజులు ఆగితే ఏం పాడవుతుంది?' అని రాసుకో. ఇస్త్రీ ఆగుతుంది. డబ్బాలు సర్దడం నెలైనా ఆగుతుంది. షుగర్ పరీక్ష ఆగదు, నీ పరీక్ష ఫీజు ఆఖరి తేదీ ఆగదు.

అన్నిటికంటే ముందు పాడయ్యేది నిద్ర. ఒంట్లో ఒక గడియారం ఉంది, వెలుతురును బట్టి సరిచేసుకుంటూ నడుస్తుంది. అదెలా నడుస్తుందో తేల్చినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. నీ రోస్టర్ దాన్ని వారం వారం తిప్పేస్తోంది. అందుకే రాత్రి డ్యూటీ దిగిన పూట టిఫిన్ తిని, కిటికీకి మందపాటి దుప్పటి కట్టి పడుకో. బట్టలు సాయంత్రం నానబెట్టొచ్చు.

ఆదివారం జాబితా మానేయ్. నీకు వారం మొదలయ్యేది రోస్టర్ మారిన రోజున. మధ్యాహ్నం డ్యూటీ వారమే నీ చదువు వారం. బాబు బడికి వెళ్లాక, క్యాబ్ వచ్చేలోపు రెండు గంటలు అకౌంట్స్ లెక్కలకే ఉంచు. రాత్రి డ్యూటీ వారంలో పుస్తకం ముట్టకపోయినా బెంగపడకు.

ఇక మామయ్య సంగతి. ఆయన మీ ఆయనకు తండ్రి. పరగడుపు రక్తపరీక్ష పొద్దున్నే, షాపు తెరిచేలోపే అయిపోతుంది. ఈ పని నీ డైరీలోంచి తీసి మీ ఆయనకు అప్పగించు. రాత్రి అన్నం తింటున్నప్పుడు చెప్పు, తేదీ కూడా అక్కడే ఖాయం చేసుకోండి.