చిక్కని పాలన్నియు మంచి పాలేనా?

ఉదయము ఆరు గంటలకు కోలారు ప్రాంతమున ఏ వీధిలో నిలిచినను ఒక దృశ్యము కానవచ్చును. చేత సంచి పట్టుకొని ఒక బాలుడో బాలికయో పాల దుకాణము ముందు నిలిచి “రెండు నీలం ప్యాకెట్లు” అని అడుగుచుందురు. దుకాణదారుని మాతృభాష కన్నడమైనను, తమిళమైనను, ఉర్దూ అయినను ఆ మాటతోనే పని జరిగిపోవును. రంగులకు భాషాభేదము లేదు గదా! కాని నీలము ప్యాకెట్టునకును, దాని ప్రక్కనున్న తక్కిన రంగుల ప్యాకెట్లకును గల భేదమేమని ఆ పిల్లలను అడిగితిమేని, “నీలం పల్చన, ధర తక్కువ, అవి చిక్కన, ధర ఎక్కువ” అని మాత్రము చెప్పుదురు. మేము పెద్దలను కూడ అడిగి చూచితిమి. వారి సమాధానమును ఇంతే. చిక్కదనమే పాల మంచితనమను అభిప్రాయము మన ఇండ్లలో నాటుకొనిపోయినది. ఇది ఎంతవరకు నిజమో పరిశీలింతము.

పూర్వము పాలు ఇంటి ముంగిటికే వచ్చెడివి. అవ్వ చెంబు పట్టుకొని వాకిట నిలిచి, ఒక చుక్కను బొటనవ్రేలి గోటిపై వేసి చూచెడిది. చుక్క నిలిచిన పాలు మంచివి, జారిపోయిన “ఏమే, ఈ పొద్దు బావి దగ్గర నుంచి వస్తాండావా?” అని పాలామెను నిలదీసెడిది. సోలతో కొలిచి పోసిన పిమ్మట కొసరు పోయక పాలామె కదలుటకు వీలులేదు. ఇది మోటు పరీక్షయే యైనను నిరర్థకము కాదు. ఏటవాలుగా నున్న నున్నని పలకపై చుక్క వేసినచో, మంచి పాలు తెల్లని చార విడుచుచు మెల్లగా జారును. నీరు కలిసినవి చార లేకుండ పరుగెత్తును. అయితే పిండి కలిపి చిక్కబరచిన పాలు అవ్వ గోటిపైని కూడ చక్కగా నిలుచును! దీనిని పట్టుటకు పాలను కాచి, చల్లార్చి, రెండు మూడు చుక్కల టింక్చరు అయొడిన్ వేయవలెను. నీలిరంగు వచ్చినచో పిండి కలిసినట్లే. పరీక్షించిన పాలను పారబోయవలెనే గాని త్రాగరాదు.

మన ప్రయోగశాలలోని లాక్టోమీటరును గూర్చి యొక మాట. పాలు నీటికంటె కొంచెము బరువైనవి. నీటి సాంద్రత 1 అనుకొన్నచో పాల సాంద్రత సుమారు 1.028 నుండి 1.032 వరకు నుండును. నీరు కలిపినచో అది తగ్గి, లాక్టోమీటరు లోతుగా మునుగును. ఇంతవరకు పాఠ్యపుస్తకములో నున్నదే. కాని వెన్న నీటికంటె తేలిక. కావున పాలపై మీగడ తీసివేసినచో సాంద్రత తగ్గుటకు మారు పెరుగును! మీగడ తీసి, ఆపై తగినంత నీరు పోసినచో రెండును సరిపోయి, లాక్టోమీటరు “మంచి పాలు” అని సాక్ష్యము చెప్పును. మేమే తరగతిలో ఇట్టి మిశ్రమమును చేసి, మంచి పాల ప్రక్కన నుంచితిమి. పరికరము రెంటికిని ఒకే అంకె చూపినది. పిల్లలు “అయ్యవారూ, ఇది అబద్ధం చెబుతోంది” అనిరి. అబద్ధము కాదు, దానిని అడిగినది సాంద్రతను గూర్చి, అది చెప్పినదియు సాంద్రతనే.

మరి పాలలో నేమి యున్నదో తెలియుటెట్లు? ప్యాకెట్టుపైననే వ్రాసియుందురు. ఒకటి కొవ్వు, రెండవది కొవ్వు కాని ఘనపదార్థములు. అనగా మాంసకృత్తులు, పాల చక్కెర, సున్నము మొదలగు లవణములు. మన దేశపు ప్రమాణముల ప్రకారము టోన్డు పాలలో కొవ్వు నూటికి 3 పాళ్లు, ఇతర ఘనపదార్థములు 8.5 పాళ్లు కనీసముగా నుండవలెను. స్టాండర్డు పాలలో 4.5, 8.5, ఫుల్ క్రీము పాలలో 6, 9. ఈ అంకెలను జాగ్రత్తగా చూడుడు. మొదటి రకమునకును చివరి రకమునకును కొవ్వు సరిగా రెండింతలు భేదించుచున్నది. కిలో పాలకు 30 గ్రాములు, 60 గ్రాములు. కాని రెండవ అంకెలో భేదము 85 గ్రాములకును 90 గ్రాములకును గల భేదమే. ఎదుగు పిల్లల ఎముకలకును కండకును కావలసినవి ఈ రెండవ అంకెలోనే యున్నవి.

టోన్డు పాలనగా నీళ్లపాలని కొందరు చిన్నచూపు చూతురు. ఇది సరికాదు. వెన్న మెండుగా గల గేదె పాలలో నీటితో పాటు వెన్న తీసిన పాలపొడిని గూడ కలిపి, కొవ్వును మాత్రము తగ్గించి, తక్కిన సారమును నిలుపుటయే దీని పద్ధతి. తక్కువ ధరకు ఎక్కువ మందికి పాలు అందించుటకై బొంబాయిలో దారా ఖురోడీ దీనిని రూపొందించెను. ఆయనకు 1963లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది. పిల్లలు ముగ్గురు నలుగురున్న ఇంట ఒక చిక్కని ప్యాకెట్టు కొని అందులో నీరు పోసి అందరకును పంచుటకంటె, అదే సొమ్మునకు వచ్చినన్ని టోన్డు పాలు కొనుట మేలని మా అభిప్రాయము. గట్టి పెరుగునకు, వెన్నకు, పాయసమునకు చిక్కని పాలే తగును. అందులో వివాదము లేదు. ఏడాది దాటి రెండేండ్లు నిండని పసివారికి కొవ్వు అవసరము గనుక వారికి వెన్న తీసిన పాలు తగవు. ఏడాది నిండని బిడ్డకు తల్లిపాలకు మారుగా ఏ ప్యాకెట్టు పాలును పోయరాదు.

ఇక ధర. ఇచ్చట కన్ను మోసపోవుట మిక్కిలి సులభము. మన కర్ణాటకమున 2024 జూన్‌లో నందిని పాల ధర మారినది. అంతకు ముందు నీలము ప్యాకెట్టు లీటరునకు 42 రూపాయలు. ధర 2 రూపాయలు పెంచి, ప్యాకెట్టులో 50 మిల్లీలీటర్లు అధికముగా పోసిరి. అవ్వ కాలపు కొసరు తిరిగి వచ్చినదని కొందరు సంతోషించిరి. కాని ఇది వెల గట్టిన కొసరు! 1050 మిల్లీలీటర్లకు 44 రూపాయలనగా లీటరునకు 41 రూపాయల 90 పైసలు, ధర పెరుగలేదు. అర లీటరు ప్యాకెట్టునకును 2 రూపాయలే పెంచి, 50 మిల్లీలీటర్లే కలిపిరి. 550 మిల్లీలీటర్లకు 24 రూపాయలనగా లీటరునకు 43 రూపాయల 64 పైసలు. దినమునకు అర లీటరు మాత్రమే కొనగల యిల్లు, లీటరు కొను యింటికంటె అవే పాలకు ఎక్కువ ఇచ్చుకొన్నది.

2025 ఏప్రిల్‌లో మరల మార్పు వచ్చినది. ప్యాకెట్టు తిరిగి ఒక లీటరయ్యెను. వెల 46 రూపాయలయ్యెను. దుకాణములో నిలిచినవారికి 44 పోయి 46 వచ్చినది గనుక “రెండు రూపాయలే గదా” అనిపించినది. 50 మిల్లీలీటర్లు తగ్గిన సంగతి పట్టించుకొన్నవారు కొందరే. లెక్క వేసినచో లీటరునకు పెరిగినది 4 రూపాయల 10 పైసలు. దినమునకొక ప్యాకెట్టు కొను ఇంట నెలకు 60 రూపాయలు అధికముగా పోవుటయే గాక, లీటరున్నర పాలు తక్కువగా వచ్చినవి. ఈ పెంపు పాడి రైతులకు చేరునని ప్రభుత్వము చెప్పినది. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో ఆవులున్నవి. ప్రొద్దుట సంఘమునకు పాలు పోసి, సాయంకాలము ప్యాకెట్టు కొను ఇండ్లును కలవు. కావున ధర పెరుగుట తప్పని మేము అనుట లేదు. ఎంత పెరిగినదో తెలిసి ఇచ్చుట వేరు, తెలియక ఇచ్చుట వేరు.

కల్తీ భయమును గూర్చి కొంచెము. 2018లో దేశమంతట 6,432 పాల నమూనాలను పరీక్షింపగా, ఆరోగ్యమునకు హాని చేయు కల్తీ గలవి 12 మాత్రమే తేలినవి. కాని కొవ్వో, ఇతర ఘనపదార్థములో ప్రమాణమునకు తక్కువగా నున్నవి చాల గలవు. మనము విషమునకు భయపడుచుండగా, జేబు నుండి పోవునది సారము. విడి పాలను తప్పక పొంగువరకు కాచవలెను. ప్యాకెట్టుపై తేదీ చూచి, ఉబ్బిన దానిని, ఎండలో పెట్టెలో పడియున్న దానిని తీసికొనరాదు.

మా ప్యాకెట్టుపై కన్నడమున్నది గాని తెలుగు లేదే అని పిల్లలు అడుగవచ్చును. మన లిపికిని కన్నడ లిపికిని గల పోలిక మీకు తెలిసినదే. “హాలు” అను అక్షరములను చదువుటకు మీకు అరగంట చాలును. పూర్వపు కన్నడములో అదియును “పాల్” అనియే యుండెడిది. కాలక్రమమున ప-కారము హ-కారమైనది; పులి “హులి” యైనట్లు, పల్లి “హళ్ళి” యైనట్లు.

రేపు ప్రతి విద్యార్థియు ఇంట ఖాళీ చేసిన పాల ప్యాకెట్టును కడిగి తీసికొని రావలెను. దానిపై కొవ్వు ఎంత, ఇతర ఘనపదార్థములెంత, పరిమాణమెంత, తేదీ ఏది అని నాలుగు పంక్తులు వ్రాసి, లీటరునకు ధర లెక్కగట్టి, ఆ కాగితమును మొదట ఇంటిలో అమ్మకు చూపి, పిమ్మట మాకు చూపుడు.