వేసవిలో కాలిక్యులస్ టూ



అమెరికా కాలేజీల్లో కాలిక్యులస్ టూ అనే కోర్సులో ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఒకటి సమాకలనం, రెండోది అనంత శ్రేణులు. మామూలు సెమిస్టర్‌లో ఈ కోర్సు సుమారు 15 వారాలు నడుస్తుంది. వేసవిలో అదే సిలబస్‌ను 8 వారాల్లోనో, 6 వారాల్లోనో ముగిస్తారు. వారాలు తగ్గుతాయి గానీ పాఠాలు తగ్గవు, పరీక్షలు తేలికపడవు. కోర్సులో చేరాలా వద్దా, చేరితే ఎలా చదవాలి అన్న ప్రశ్నలకు జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ముందుగా సమయం లెక్క చూసుకోవాలి. ఒక క్రెడిట్‌కు వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటల సొంత చదువు అన్నది అక్కడి సాధారణ ప్రమాణం. ఆ ప్రకారం నాలుగు క్రెడిట్ల కోర్సుకు వారానికి 12 గంటలు, 15 వారాలకు 180 గంటలు అవుతాయి. ఆ 180 గంటలను 6 వారాల్లో సర్దితే వారానికి 30 గంటలు పడతాయి. అందువల్ల ఆ ఆరు వారాలు ఫుల్‌టైమ్ ఇంటర్న్‌షిప్ గానీ, ఇంకో బరువైన కోర్సు గానీ దీనితో పెట్టుకోకూడదు. ఒక్క రోజు క్లాసు పోతే మామూలు సెమిస్టర్‌లో రెండున్నర రోజులు పోయినట్టే. ఆ వారాల్లో ఇంట్లో పెళ్లి ఉన్నా, ఇండియా ప్రయాణం ఉన్నా కోర్సును ఫాల్ సెమిస్టర్‌కు వాయిదా వేసుకోవడమే మంచిది.

చదివే యూనివర్సిటీలో కాక దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఈ కోర్సు తీసుకునేవాళ్లు చాలామంది. ఫీజు తక్కువ, క్లాసులు చిన్నవి. అయితే ఆ క్రెడిట్లను సొంత యూనివర్సిటీ ఒప్పుకుంటుందో లేదో, కనీసం ఏ గ్రేడు రావాలో ఫీజు కట్టకముందే అడ్వైజర్‌ను అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి. కోర్సు వదిలేసే గడువు తేదీలను కూడా మొదటి రోజే రాసిపెట్టుకోవాలి. వేసవిలో ఫీజు వెనక్కి వచ్చే గడువు కొద్ది రోజుల్లోనే ముగిసిపోతుంది.

క్లాసులు మొదలయ్యే ముందు పాత పాఠాలను సరిచూసుకోవడానికి రెండు వారాలు కేటాయించాలి. ఈ కోర్సులో మార్కులు ఎక్కువగా పోయేది కొత్త పాఠాల్లో కాదు, పాత ఆల్జీబ్రా, త్రికోణమితిల్లో. చైన్ రూల్ తడుముకోకుండా రావాలి. వర్గాన్ని పూర్తి చేయడం, బహుపదుల భాగహారం చేతికి అలవాటై ఉండాలి. సైన్ స్క్వేర్‌ను కాస్ టూ ఎక్స్‌లోకి మార్చే సూత్రం, టాన్, సీకెంట్‌ల అవకలనాలు పుస్తకం తెరవకుండా గుర్తుండాలి. రైస్ యూనివర్సిటీ నుంచి వచ్చే ఓపెన్‌స్టాక్స్ కాలిక్యులస్ రెండో సంపుటం ఉచితంగా దొరుకుతుంది. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉపన్యాసాలు, పాత పరీక్ష పేపర్లు కూడా ఉన్నాయి. సన్నాహానికి ఇవి చాలు.

మొదటి భాగంలో ప్రతిక్షేపణ, విభాగ సమాకలనం, త్రికోణమితీయ ప్రతిక్షేపణ, పాక్షిక భిన్నాలు వరుసగా వస్తాయి. విడివిడిగా చూస్తే ఇవేవీ పెద్ద కష్టం కావు. అసలు కష్టం లెక్కను చూడగానే ఏ పద్ధతి పనికొస్తుందో పోల్చుకోవడంలో ఉంది. మూడు లెక్కలు పక్కపక్కన పెడితే ఇది తెలుస్తుంది. ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్‌కు విభాగ సమాకలనం కావాలి. జవాబు ఎక్స్ సైన్ ఎక్స్ ప్లస్ కాస్ ఎక్స్, దానికి స్థిరాంకం కలపాలి. ఎక్స్ ఇంటూ కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌కు ప్రతిక్షేపణ చాలు. ఎక్స్ స్క్వేర్‌ను యు అనుకుంటే రెండు లైన్లలో సగం సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ ప్లస్ స్థిరాంకం వస్తుంది. ముందున్న ఎక్స్‌ను తీసేసి కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌ను మాత్రమే ఉంచితే, తెలిసిన ప్రమేయాలతో దానికి జవాబు రాయడం సాధ్యమే కాదు. చూపుకు దాదాపు ఒకేలా ఉన్న మూడింటికీ మూడు దారులు. అందుకే ఒక్కో అధ్యాయం చివరి లెక్కలు చేస్తే సరిపోదు. వారానికి ఒకసారి అన్ని పద్ధతుల లెక్కలనూ కలిపి, ఏది ఏ అధ్యాయానిదో తెలియకుండా చేయాలి. పరీక్షలో లెక్కలు అలాగే వస్తాయి.

ఇంటర్ రెండో ఏడాదిలో గణితం 2-బి చదివి వెళ్లిన విద్యార్థులకు ఈ భాగంలో చాలావరకు పరిచయమైనదే. ఆ ధీమాతో మొదటి రెండు వారాలు తేలిగ్గా తీసుకుంటే, 2-బిలో లేని అనంత శ్రేణులు వచ్చేసరికి వెనకబడతారు. తెలిసిన పాఠాల్లో మిగిలిన సమయాన్ని రెండో భాగాన్ని ముందుగా చదవడానికి వాడుకోవాలి.

శ్రేణుల్లో లెక్క చేయడం కంటే ఎందుకో చెప్పడం ముఖ్యం. ఒకటి, ఒకటిలో సగం, మూడో వంతు, నాలుగో వంతు అంటూ సాగే హరాత్మక శ్రేణిలో పదాలు సున్నాకు చేరువవుతూనే ఉంటాయి, మొత్తం మాత్రం హద్దు లేకుండా పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎంత నెమ్మదంటే, మొత్తం 10 దాటాలంటే 12,367 పదాలు కలపాలి. మూడో వంతు, నాలుగో వంతు కలిస్తే సగం కంటే ఎక్కువ. తర్వాతి నాలుగు పదాలు కలిపినా సగం కంటే ఎక్కువే. ఇలా సగాలు ఎన్నైనా పోగుచేయవచ్చని 14వ శతాబ్దంలోనే నికోల్ ఒరేమ్ నిరూపించాడు. పదాలు సున్నాకు చేరుతున్నాయి కాబట్టి శ్రేణి అభిసరిస్తుందని రాయడం ఈ కోర్సులో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు. శ్రేణి అభిసరిస్తుందో లేదో తేల్చే ప్రతి పరీక్షా సూత్రానికి దాని షరతులేమిటో, అది ఎక్కడ పనిచేయదో ఒక ఉదాహరణతో సహా సొంత మాటల్లో రాసుకుంటే ఆ తప్పు జరగదు.

చివర్లో వచ్చే టేలర్ శ్రేణులు రెండు భాగాలనూ కలుపుతాయి. ఇందాక లొంగని కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌ను శ్రేణిగా విప్పి, సున్నా నుంచి ఒకటి వరకు పదం పదం సమాకలనం చేస్తే ఒకటి, మైనస్ పదో వంతు, ప్లస్ 216వ వంతు అని వస్తుంది. ఆ మూడు పదాలకే విలువ సుమారు 0.9046. తర్వాతి పదం 9,360వ వంతు కాబట్టి తేడా అంతకు మించదు. ఇక్కడిదాకా అర్థం చేసుకుంటూ వచ్చినవాళ్లకు కోర్సు మొత్తం ఒకే కథగా కనిపిస్తుంది.

రోజువారీ పద్ధతి విషయానికొస్తే, ఆనాటి హోంవర్క్ ఆ రాత్రికే పూర్తికావాలి, ఎందుకంటే మర్నాటి పాఠం దాని మీదే నడుస్తుంది. ఇంకొకరు చేసిన లెక్కను వీడియోలో చూస్తే అర్థమైనట్టే ఉంటుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద మళ్లీ చేసినప్పుడే ఎంత వచ్చిందో తేలుతుంది. యాప్‌లను జవాబు సరిచూసుకోవడానికే వాడాలి. ఒక లెక్క దగ్గర అరగంట ఆగిపోతే, చేసినంతవరకు కాగితం పట్టుకుని ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కో, ట్యూటరింగ్ సెంటర్‌కో వెళ్లాలి. అడగడానికి మొహమాటపడితే వారం ఇట్టే గడిచిపోతుంది.

మొదటి పరీక్ష పేపర్ చేతికి రాగానే పోయిన మార్కులను విడదీసి చూడాలి. గుర్తులు తారుమారు కావడం, స్థిరాంకం మరచిపోవడం, ప్రతిక్షేపణలో అవధులు మార్చకపోవడం వంటివైతే సాధనతో పోతాయి. పద్ధతే తట్టకపోతే చదివే తీరు ఆ రోజే మార్చుకోవాలి. అప్పటికీ కుదరకపోతే గడువులోగా వదిలేసి ఫాల్‌లో తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. కాలిక్యులస్ త్రీ, అవకలన సమీకరణాలు, సంభావ్యత అన్నీ దీని మీదే నిలుస్తాయి. ఒక సెమిస్టర్ ఆలస్యమైనా పునాది గట్టిగా ఉండటమే ముఖ్యం.