దీర్ఘకాలిక నొప్పి - ఇంటినుండి చదువు

వేలికి నిప్పు తగిలినప్పుడు చేయి తనంతట తానే వెనుకకు వచ్చును. ఇట్టి నొప్పి శరీరమునకు కాపలాదారు వంటిది. గాయము మానగనే సెలవు తీసికొనును. కొందరిలో మాత్రము గాయము మానినను, కారణము పైకి కనబడకున్నను నొప్పి విడువదు. మూడు నెలలకు మించి నిలుచుచు, లేక మరల మరల వచ్చుచుండు బాధను దీర్ఘకాలిక నొప్పి యందురు. కీళ్లవాతము, పార్శ్వపు తలనొప్పి, నడుము నొప్పి, బాలికలకు నెలసరిలో వచ్చు తీవ్ర బాధ ఇట్టివే.

"పరీక్షలలో ఏమియు తేలలేదు, ఇది చదువు ఎగవేయుటకు సాకు" అను మాట మన యిండ్లలోను తరగతులలోను తరచు వినవచ్చును. ఇది అన్యాయము. 1965లో మెల్జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో ద్వారము వంటి ఏర్పాటు కలదనియు, నొప్పి వార్త మెదడునకు ఎంతవరకు చేరునది అచ్చట నిర్ణయమగుననియు ప్రతిపాదించిరి. దెబ్బ తగిలినచోట రుద్దుకొనిన ఉపశమనము కలుగుట ఇందువలననే యని వారి వివరణము. పిదప వివరములలో మార్పులు వచ్చినను మూలభావము నిలిచినది. నిద్రలేమి, భయము, దిగులు నొప్పిని హెచ్చించును. కావున పరీక్షల ముందు బాధ పెరుగుట నటన కాదు.

2020 మార్చిలో కరోనా వలన విద్యాలయములు మూతబడగా పాఠములు సెల్‌ఫోనులోనికి వచ్చినవి. దివిసీమలోని నాగాయలంక, కోడూరుల నుండి బందరుకు గాని, చుట్టుపట్ల పల్లెల నుండి గుడివాడకు గాని బస్సులో వచ్చిపోవు విద్యార్థికి నడుము బాధ ఉన్నచో, ప్రయాణమే సగము శక్తిని హరించును. అట్టివారికి ఇంటి చదువు వరమే. అందొక చిక్కు కూడ కలదు. మంచముపై మెడ వంచి గంటల తరబడి ఫోను చూచిన, లేని నొప్పియు వచ్చును. ఇంటికి ఒక్కటే ఫోనైనచో అన్నదమ్ముల వంతు ముగిసిన పిదప అర్ధరాత్రి పాఠము వినవలసివచ్చును. తరగతిలోనైతే ముఖము చూచి అడుగు వారుందురు. ఇచ్చట అడుగు వారెవరు?

మేము ముఖ్యముగా చెప్పదలచినది కాలనియమమును గూర్చి. బాధ తగ్గిన రోజున పేరుకొనిన పాఠములన్నియు ఒక్కపూటలో ముగింపజూచి, తరువాత రెండు రోజులు మంచము పట్టుట రోగులలో సాధారణము. పనిని ఆపుటకు నొప్పిని గాక గడియారమును ప్రమాణముగా కొనవలెనని ఫోర్డైస్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1976లో వెలువడిన గ్రంథమున బోధించెను. 25 నిమిషములు కూర్చుండగనే బాధ మొదలగువారు 20 నిమిషములకే లేవవలెను. వసారాలో నాలుగడుగులు నడచి, మరల కూర్చుండవలెను. బాగున్న రోజునను అంతే, బాగులేని రోజునను వీలైనంత వరకు అంతే. కుదిరిన పిదప వారమునకు ఒకటి రెండు నిమిషములు పెంచవచ్చును. ముద్రిత పాఠమును ముక్కలుగా వినుడు. ఫోనును పుస్తకముల దొంతిపై కంటి ఎత్తున నిలుపుడు. పూర్తిగా పడుకొని యుండుట వలన కండరములు నీరసించి బాధ పెరుగును.

మందుల దుకాణములో అడిగి తెచ్చుకొను బిళ్లలను దినదినము మ్రింగుట జీర్ణాశయమునకు, మూత్రపిండములకు చేటు. తలనొప్పి బిళ్లలను నెలలో సగము రోజులు వాడినచో అవియే తలనొప్పిని తెచ్చును. జ్వరము, కీళ్ల వాపు, బరువు తగ్గుట, కాళ్ల తిమ్మిరి, మూత్రము పట్టు తప్పుట వంటివి కనబడిన వెంటనే వైద్యుని చూడవలెను. సంబంధము చెడునను భయముతో ఆడపిల్లల బాధను దాచు తల్లిదండ్రులకు మేమేమి చెప్పగలము? దాచినంత మాత్రమున కీలు వాపు తీయదు గదా!

కళాశాల సంఘమువారికి ఒక విన్నపము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 21 వైకల్యములలో దీర్ఘకాలిక నొప్పి పేరు లేదు. అయినను, వ్రాయునప్పుడు చేతి కండరములు బిగిసిపోవు ఒక అభ్యర్థి విషయమున 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, 40 శాతము వైకల్యము లేకున్నను లేఖకుని సహాయము పొందవచ్చునని తీర్పు చెప్పినది. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము అట్టివారికి మార్గదర్శకములు వెలువరించినది. గంటకు 20 నిమిషముల అదనపు సమయము అందులో కలదు. ఈ సంగతి తెలియక, వ్రేళ్లు వాచిన చేతితో మూడు గంటలు వ్రాయు విద్యార్థులుందురు. పరీక్ష రుసుము కట్టు సమయముననే వైద్యుని పత్రముతో దరఖాస్తు చేసికొనవలెనని నోటీసు బోర్డుపై తెలుగునను ఉర్దూనను వ్రాసి పెట్టింప కోరుచున్నాము.