నావ అనే మాట ఎక్కడిది?



గుడివాడ నుండి బందరుకు బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూస్తే కనుచూపు మేర వరి పొలాలే. అందుకే మనం కాలువల కింద సేద్యం చేసుకునే వాళ్ళమని మాత్రమే అనుకుంటాం. కాని మన నోట నలిగే రెండు చిన్న మాటలు ఇంకో సంగతి చెబుతున్నాయి. అవి ఓడ, నావ.

ముందు 'ఓడ' సంగతి చూద్దాం. ఇది మన ఇంటి మాట. తమిళులు ఓడం అంటారు, కన్నడిగులు ఓడ అంటారు. పిల్లలకు నోవా ఓడ కథ చెప్పినా, పెద్దలు 'ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి' అన్నా ఈ మాటే. మరి బందరు? పారశీక భాషలో ఆ మాటకు రేవు అని అర్థం. అంటే 'బందరు రేవు' అన్నప్పుడల్లా మనం 'రేవు రేవు' అంటున్నామన్నమాట!

ఇక 'నావ'. దీనికి మూలం సంస్కృతంలోని నౌ. గ్రీకులో నౌస్, లాటిన్‌లో నావిస్. ఇవి ఒకరి నుండి ఒకరు అరువు తెచ్చుకున్నవి కావు. ఒకే ప్రాచీన భాషకు పుట్టిన అక్కచెల్లెళ్ళు. పోర్చుగీసువారు తమ పెద్ద తెరచాప ఓడను 'నౌ' అనేవారు. 1498లో వాస్కో డ గామా ఎక్కి వచ్చినది అటువంటి ఓడే. ఇంగ్లీషువారి 'నేవీ' కూడా ఈ కుటుంబంలోదే.

ఈ మాట మన నేలపై ఎంత పాతదో తెలుసా? చల్లపల్లి దగ్గరి ఘంటసాలలో దొరికిన ఒక ప్రాకృత శాసనంలో శివకుడనే 'మహానావికుని' పేరుంది. అంటే పెద్ద ఓడ నడిపే నాయకుడు. క్రీ.శ. 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ మన తీరాన్ని మైసోలియా అన్నాడు. సువర్ణభూమికి పోయే ఓడలు ఈ తీరం నుండే బయలుదేరేవని రాశాడు. ఇంచుమించు ఆ కాలపు శాతవాహనుల నాణేలపై రెండు స్తంభాల తెరచాప ఓడ బొమ్మ కనిపిస్తుంది.

తర్వాతి కాలంలో శ్రీనాథుడు 'హరవిలాసము'లో అవచి తిప్పయ్య సెట్టి సముద్ర వ్యాపారాన్ని వర్ణిస్తూ కప్పలి, జోంగు అనే ఓడల పేర్లు చెప్పాడు. కప్పలి తమిళుల కప్పల్. జోంగు మలయా దేశస్థుల జోంగ్. ఓడలతో పాటు వాటి పేర్లు కూడా మన రేవుల్లో దిగాయి.

మరో విశేషం. మన దేవాలయంలో గుమ్మం నుండి పీఠం దాకా, విశ్వాసులు కూర్చునే భాగాన్ని ఇంగ్లీషులో 'నేవ్' అంటారు. అది లాటిన్ నావిస్ నుండి వచ్చినదే. తిరుసభను ఓడతో పోల్చడం తొలి శతాబ్దాల నుండీ ఉన్నదే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడిన రాత్రిని చూసినవారికి ఈ పోలికను విడమరిచి చెప్పనక్కరలేదు. నీటి మధ్య నిలిచే చోటు విలువ వారికి తెలుసు.

కప్పలి, జోంగు మన నోటి నుండి జారిపోయాయి. ఇప్పుడు మన పిల్లలు అన్నింటినీ 'బోటు' అనే అంటున్నారు. 'ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న' అన్న సామెత మనకు తగలకూడదు. మీ ఊళ్ళో వేటకు వెళ్ళే పెద్దవారుంటే, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళి పడవల పేర్లు, వాటి భాగాల పేర్లు అడగండి. ఒక నోటుపుస్తకంలో రాయించండి. ఆ పెద్దలు ఉండగానే ఆ పని చేయండి.