పట్టణమున ఇల్లు కట్టుటకు అనుమతి యేల?



తన డబ్బుతో, తన స్థలములో, తన ఇల్లు కట్టుకొనుటకు ఒకనికి ఒరుల అనుమతి యేల? ఈ ప్రశ్నను మా పౌరశాస్త్రపు తరగతిలో ఒక బాలుడు అడిగెను. వాని తండ్రి పత్తి సేద్యము చేయువాడు. పల్లెలో తాత ఎవ్వరినీ అడుగకయే గోడ లేపెననియు, పట్టణమునకు వచ్చినది మొదలు కాగితములు, రుసుములు, తిరుగుళ్లు తప్పలేదనియు వాని ఫిర్యాదు. ప్రశ్న మంచిదే. రెండు మాటలలో జవాబు చెప్పి కూర్చుండబెట్టుట న్యాయము కాదని తోచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. అనుమతి యేల?

రైతు తన చేనిలో కల్లము చేసి మిరపకాయలు ఆరబోసినచో దాని ఘాటు గాలిలో కలిసిపోవును. ఎవ్వరికిని బాధ లేదు. ఆ కాయలనే బస్తాల కెత్తి, ఇండ్ల నడుమనున్న గోడౌనులో పేర్చినచో వీధి వీధియంతయు దగ్గును; పసిపిల్లల కన్నులు మండును. పత్తియు నట్టిదే. జిన్నింగు మిల్లులో ఒక్క నిప్పురవ్వ చాలును. కాయ మారలేదు, పత్తి మారలేదు, చోటు మారినది. చోటునుబట్టి హక్కుకు హద్దు ఏర్పడును. పట్టణ ప్రణాళికకు మూలసూత్ర మిదియే.

1666వ సంవత్సరమున లండను నగరములో ఒక రొట్టెల దుకాణమున పుట్టిన మంట 13,000కు పైగా ఇండ్లను బూడిద చేసెను. ఆ మరుసటి యేడు, ఇండ్లను ఇటుకతోగాని రాతితోగాని కట్టవలెనని చట్టము వచ్చెను. ఎవరి ఇల్లు వారిదే. కాని నిప్పు అందరిది.

2. మన ప్రాంతపు చరిత్ర

గుంటూరు పురపాలక సంఘము 1866లోను, ఒంగోలు సంఘము 1876లోను, తెనాలి సంఘము 1909లోను ఏర్పడెను. ఆ దినములలో వారి పని ముఖ్యముగా దీపములు, బాటలు, పారిశుద్ధ్యము. 1914–15లో పాట్రిక్ గెడ్డీసు అను స్కాట్లండు పండితుడు మద్రాసు రాజధానిలోని పట్టణములను తిరిగి చూచెను. పాతవీధులను కూలద్రోయక, అచ్చటి జనుల జీవనమును తెలిసికొని పట్టణమును చక్కదిద్దవలెనని ఆయన బోధించెను. 1915లో బొంబాయి రాజధానికి, 1920లో మద్రాసు రాజధానికి పట్టణ ప్రణాళికా చట్టములు వచ్చెను. ఆ 1920లోనే జిల్లా మునిసిపాలిటీల చట్టమును వచ్చెను. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 1965 నాటి పురపాలక చట్టము దాని స్థానమును గైకొనెను. 1993 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 12వ షెడ్యూలును చేర్చెను. పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములలో మొదటిది పట్టణ ప్రణాళికయే. రెండవది భూవినియోగమును, భవన నిర్మాణమును క్రమపరచుట.

ప్రణాళిక యనగా నేమో చూడగోరువారు గుంటూరు బ్రాడీపేటకు పోవలెను. అచ్చట లైనులు ఒకవైపు, అడ్డరోడ్లు మరియొకవైపు గళ్లవలె సాగును. లైను అంకెయు అడ్డరోడ్డు అంకెయు తెలిసినచో క్రొత్తవాడైనను ఇల్లు కనుగొనును. పిమ్మట పాతపట్టణపు సందులలోనికి పోయి, రెండింటిని పోల్చి చూడుడు.

3. దరఖాస్తు నడచు దారి

ఇల్లు కట్టగోరువాడు స్థలపు దస్తావేజు నకలు, స్థలపు పటము, భవనపు ప్లాను చేర్చి దరఖాస్తు పెట్టవలెను. పూర్వము ఇవి కాగితముపై నుండెడివి. ఇప్పుడు ఆన్‌లైనులో సమర్పించుచున్నారు. ప్లానులో వీధి వెడల్పు ఎంత, నలుదిక్కుల విడిచిన ఖాళీ ఎంత, ఎత్తు ఎంత, మురుగు ఎటు పోవును అనునవి పరిశీలింపబడును.

ఇచ్చట విద్యార్థులు సాధారణముగా పొరబడు సంగతి యొకటి కలదు. ప్రతి ఇంటి ప్లానును కౌన్సిలరులు కూర్చుండి తీర్మానింపరు. మామూలు ఇండ్ల విషయమున ఉత్తర్వు ఇచ్చువాడు కమిషనరు. కౌన్సిలు ముందునకు వచ్చునవి పెద్ద సంగతులు: నివాస ప్రాంతమును వాణిజ్య ప్రాంతముగా మార్చవలెనన్న ప్రతిపాదన, వీధి వెడల్పు చేయుట మొదలైనవి. ఇట్టివానికి ప్రకటన చేసి, జనుల అభ్యంతరములను గడువులోగా స్వీకరింతురు. కౌన్సిలు తీర్మానము పైయధికారులకు పోవును.

1920 నాటి మునిసిపాలిటీల చట్టములోని ఒక యేర్పాటు మిక్కిలి గమనింపదగినది. దరఖాస్తు అందిన 30 దినములలోగా అనుమతించుటయో, కారణము వ్రాసి నిరాకరించుటయో జరుగవలెను. నిరాకరణకు ముఖ్య కారణములు మూడు: కట్టడము చట్టమునకు విరుద్ధమగుట, దరఖాస్తులో కావలసిన వివరములు లేకుండుట, ప్రభుత్వ భూమినిగాని పురపాలక భూమినిగాని ఆక్రమించుట. జవాబు రానిచో దరఖాస్తుదారుడు కౌన్సిలును ఆశ్రయింపవచ్చును. కౌన్సిలును ఒక మాసములో తేల్చనిచో అనుమతి లభించినట్లే భావింపబడును. అయినను చట్టము మీరి కట్టరాదు. అధికారి మౌనము పౌరుని శిక్షింపరాదనియు, ఆ మౌనము తప్పుడు కట్టడమునకు రక్ష కారాదనియు దీని భావము.

4. ఒక లెక్క

లేఅవుటు వేయువాడు మొత్తము భూమిలో కనీసము నూటికి 10 వంతులు ఖాళీస్థలముగా విడువవలెనని 2017 నాటి నిబంధనలు చెప్పినవి. 5 ఎకరముల లేఅవుటులో ఆటస్థలమునకు ఎంత రావలెను? ఎకరము 4,840 చదరపు గజములు గనుక 5 ఎకరములు 24,200; అందు పదవవంతు 2,420 చదరపు గజములు. ఆ మేరకు బాలుర బంతియాటకు చోటుండవలెను. మీ పేటలో అది ఉన్నదా? లేనిచో ఏమయ్యెను?

5. చీరాల నేర్పిన పాఠము

ఇప్పుడు బాపట్ల జిల్లాలోనున్న చీరాల, నాడు గుంటూరు జిల్లాలోనిది. 1919లో ప్రభుత్వము చీరాల–పేరాలలను, జనుల యిష్టమునకు వ్యతిరేకముగా, మునిసిపాలిటీగా మార్చెను. ఏటికి సుమారు 4,000 రూపాయలుండిన పన్ను సుమారు 40,000 రూపాయలగుట నేత పనివారికి మోయరాని బరువయ్యెను. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున వేలకొలది జనులు ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని సుమారు 11 మాసములు ఎండకు వానకు ఓర్చిరి. మునిసిపాలిటీ చెడ్డదని దీని యర్థము కాదు. జనుల నడుగక వారి మేలు తలపెట్టినను అది వారికి మేలుగా తోచదని దీని యర్థము. వారు మాటాడి నష్టపోయిరి. మనము మాటాడకయే నష్టపోవుచున్నాము.

6. మా తప్పిదము

ఈ కడపటి మాట ఊరక వ్రాసినది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేము నివసించిన పేటలో వర్తకుడొకడు మురుగుకాలువ నానుకొని గోడౌను కట్ట తలపెట్టెను. అభ్యంతరములు తెలుపుడని ప్రకటన అతికించిరి. మేము దానిని చదివితిమి. పౌరశాస్త్రము బోధించువారమైయుండియు, పరీక్షాపత్రములు దిద్దవలెనను సాకుతో ఒక్క పంక్తియైన వ్రాయమైతిమి. పొరుగువారును మేము వ్రాయుదుమని ఊరకుండిరి. గడువు గడచెను, గోడ లేచి కాలువను సగము మూసెను. ఆ యేటి వానలలో మురుగునీరు మా వీధిలో మోకాటిలోతు నిలిచెను. మా విద్యార్థిని యొకతె ఆ నీటిలో నడచి బడికి వచ్చుచు జ్వరపడి, వార్షిక పరీక్ష వ్రాయజాలకపోయెను. “అయ్యగారూ, మీకు ముందే తెలియునా?” అని దాని తల్లి అడిగినపుడు మేము తల వంచుకొంటిమి.

మురుగు విషయము చిన్నదని తలపరాదు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతమున మురుగు త్రాగునీటిలో కలిసి అతిసారము ప్రబలగా అనేకులు ఆసుపత్రుల పాలైరి. పలువురు ప్రాణములు కోల్పోయిరి.

కావున విద్యార్థులారా, అనుమతి యను కాగితము మీ తండ్రిని వేధించుటకు పుట్టినది కాదు. పొరుగింటి బిడ్డను కాపాడుటకు పుట్టినది. దానిని జాగుచేయు అధికారియు, దానిని మీరు యజమానియు, చూచి ఊరకుండు మావంటివారును ముగ్గురును తప్పు చేసినవారే. తల్లిదండ్రులకు మా మనవి: ప్రకటన కనబడినపుడు నిలిచి చదువుడు, చెప్పవలసినది గడువులోగా వ్రాసి పంపుడు.

అభ్యాసము

1. మీ వీధి వెడల్పును, కాలువ వెడల్పును కొలిచి పటము గీయుడు. నీరు ఏ దిక్కునకు పారుచున్నదో బాణపు గుర్తుతో చూపుడు.

2. 8 ఎకరముల లేఅవుటులో నూటికి 10 వంతుల ఖాళీస్థలము ఎన్ని చదరపు గజములు?

3. బడి ప్రక్కన మిరపకాయల గోడౌనుకు అనుమతి కోరిరనుకొనుడు. యజమాని పక్షమున మూడు వాక్యములును, బడి పక్షమున మూడు వాక్యములును మర్యాదగా వ్రాయుడు. తరువాత మీరే కౌన్సిలై తీర్పు చెప్పి, కారణము చూపుడు.