వసంతకాలమున వచ్చు తుపానులు

భూగోళ పాఠములలో శీతల దేశముల మంచుతుపానులను గూర్చి చదువునప్పుడు, అట్టివి మన సముద్రతీరమునకు ఏల రావని విద్యార్థులు తఱచుగా ప్రశ్నింతురు. ప్రశ్న మంచిదే. దాని ప్రత్యుత్తరమును వెదకినచో, వసంతకాలమున మన తీరమునకు వచ్చు వేఱొక విపత్తును గూర్చి తెలిసికొనగలము.

మొదట మంచుతుపానును గూర్చి విచారింతము. 1888వ సంవత్సరము మార్చి నెల 11వ తేదీ మొదలు 14వ తేదీ వఱకు అమెరికా తూర్పు తీరమున గొప్ప మంచుతుపాను చెలరేగెను. అంతకు ముందు దినములలో గాలి వెచ్చగా నుండుటచే జనులు చలికాలము గడచినదనియే తలంచిరి. ఉత్తరమునుండి దిగిన శీతలవాయువు, సముద్రము మీది తేమగాలిని ఎదుర్కొనగా వాన మంచుగా మాఱెను. న్యూయార్కు నగరవీధులు పూడిపోయెను, రైళ్లు నిలిచిపోయెను, తంతితీగలు తెగిపడెను. నాలుగు వందలకు పైగా జనులు మరణించిరి.

మన దేశమున మేఘములలో మంచు పుట్టదా యనిన, పుట్టును. నేలనుండి సుమారు 5 కిలోమీటర్ల యెత్తున మన యాకాశమందును నీరు గడ్డకట్టునంతటి చలి యుండును. అచ్చట పుట్టిన మంచురేణువులు క్రిందికి దిగుచు వెచ్చని గాలిలో కరిగి వానయై పడును. అయితే మార్చి, ఏప్రిల్ నెలల యెండకు వేడెక్కిన గాలి వేగముగా పైకెగసి, నీటిబిందువులను ఆ చలిలోనికి కొనిపోవును. అవి పొరపై పొరగా గడ్డకట్టి, గాలి మోయలేనంత బరువు కాగానే వడగండ్లయి రాలును. 2023వ సంవత్సరము మార్చి 16వ తేదీని తెలంగాణమున వికారాబాదు జిల్లాలోని మర్పల్లి ప్రాంతమున వడగండ్లు నేలను తెల్లగా కప్పివేసెను. చూచువారికి అది మంచు కురిసినట్లే కనబడినది. అట్టి వానలు బనగానపల్లె మామిడికిని, మహానంది అరటితోటలకును ఎంత నష్టము కలిగింపగలవో మన ప్రాంతపు రైతులకు చెప్పనక్కఱలేదు.

వడగండ్లు కొన్ని గ్రామములకే పరిమితములు. వసంతకాలమున తీరమునంతను వణకించునది తుపాను. బంగాళాఖాతమున తుపానులకు రెండు కాలములు గలవు: నైరృతి ఋతుపవనములకు ముందు ఏప్రిల్, మే నెలలు, అవి మరలిన తరువాత అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు. సముద్రజలము 26 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు తేమగాలి పైకి లేచును. అచ్చట పీడనము తగ్గగా చుట్టుప్రక్కల గాలి లోనికి పరుగెత్తును. భూభ్రమణముచే ఆ గాలి వంగి, గడియారపు ముల్లునకు వ్యతిరేక దిశలో సుడి తిరుగును. సుడి నడుమ గాలి నిశ్చలముగా నుండు భాగమునకు తుపాను కన్ను అని పేరు. కన్ను మీదుగా పోవుచుండగా ఉపద్రవము తీఱినదని యెంచి బయటికి వచ్చువారు, కొంతసేపటికి ఎదుటి దిక్కునుండి వీచు గాలికి చిక్కుదురు.

గాలికంటె ఘోరమైనది ఉప్పెన. గాలి సముద్రజలమును తీరము వైపునకు త్రోయును. కృష్ణాముఖమువంటి పల్లపు నేలలలో ఆ జలము గోడవలె లోనికి వచ్చును. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీని మచిలీపట్టణమున ఉప్పెనచే సుమారు ముప్పదివేలమంది నశించిరి. అప్పటికి మన దేశమున వాతావరణశాఖ లేదు. అది 1875లో స్థాపితమైనది. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమలో ఉప్పెనచే సుమారు పదివేలమంది మరణించిరి. శాఖ యున్నను, హెచ్చరిక మాఱుమూల గ్రామములకు సకాలమున అందలేదు; అందిన చోటనైనను పాఱిపోయి తలదాచుకొనుటకు గట్టి కట్టడములు లేవు.

ఇక 1990వ సంవత్సరపు వైశాఖమాసమును చూడుడు. మే నెల మొదట బంగాళాఖాతమున పుట్టిన వాయుగుండము మహాతీవ్రమైన తుపానై, 9వ తేదీని కృష్ణాముఖమునకు సమీపమున తీరము దాటెను. అది 1977 నాటి తుపానుకంటె తక్కువది కాదు. కాని ఈ పర్యాయము హెచ్చరిక ముందుగా చేరెను. లక్షన్నరకు పైగా జనులను తీరగ్రామములనుండి తరలించిరి. మృతులు వేయిమందికి లోపు. అదియు చిన్న సంఖ్య కాదు. అయినను పదివేలకును వేయికిని గల భేదమును కలిగించినది, ముందుగా అందిన మాటయు, ఆ మాటను విని కదలిన జనులును. గాలిని ఎవరును ఆపలేదు.

నేడు హెచ్చరికలు తీరమునకు క్రమముగా అందుచున్నవి. తుపాను ప్రభావము తీరమున మొదలగుటకు 48 గంటల ముందు అప్రమత్తతా సూచనయు, 24 గంటల ముందు హెచ్చరికయు వెలువడును. రేవులలో 1 మొదలు 11 వఱకు సంఖ్యలు గల సంకేతములను పగలు గుర్తులతోను రాత్రి దీపములతోను ఎగురవేయుదురు. ఒకటవ సంకేతము దూరమున వాయుగుండము కలదని తెలుపును, పదియవది మహాపాయము. పదునొకండవ సంకేతమునకు అర్థము, హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగిపోయినదనియే. వార్త రాకపోవుటయే తుదిప్రమాదముగా ఎంచబడినదని విద్యార్థులు గమనింపవలెను.

నంద్యాల సముద్రమునకు సుమారు 170 కిలోమీటర్ల దూరమున నున్నది; నడుమ నల్లమలలు గలవు. కావున మనకు ఉప్పెన భయము లేదు. కాని తీరము దాటిన తుపాను నశించునప్పుడు తన నీటినంతను నేలమీద క్రుమ్మరించును. కొండలపై కురిసిన వాన వాగుల గుండ కుందూ నదిని చేరును. ఆళ్లగడ్డ ప్రక్కన వక్కిలేరు పొంగును. మోకాలిలోతు ప్రవాహముకూడ మనుష్యుని పడవేయగలదు. కావున తీరమున తుపాను హెచ్చరిక యున్నదని వినిన దినమున మన బాలురు వాగులను దాటరాదు. కళ్లములోని ధాన్యమును, శనగలను కప్పియుంచుటకు ఇంటివారికి తోడ్పడవలెను. పిడుగులు పడునప్పుడు చెట్లక్రింద నిలువరాదు.

తీరప్రాంతమున బంధువులున్నవారికి మఱియొక కర్తవ్యము గలదు. వార్త చేరిన వెంటనే వారికి తెలుపవలెను. ఇల్లు, పశువులు, సామగ్రి అని ఆలస్యము చేయవలదని బతిమాలవలెను. దివిసీమ నేర్పిన పాఠము మిక్కిలి వెలగలది. దానిని పుస్తకములో చదివి పరీక్షలో వ్రాసినంతనే చాలదు. హెచ్చరికను వినువాడు ఒకడు ఇంటనున్నచో ఆ ఇంటివారందఱును బ్రతుకుదురు. ఆ వినువాడు మన పాఠశాల విద్యార్థియే కావలెనని మా కోరిక.